బోటనీలో ఎం.ఎస్సీ. చేయాలనుంది, ఇంట్లో బీఈడీ అంటున్నారు: మన వైపు వాళ్లు సలహా చెప్పండి

మాలకొండ_చెల్లి (వలేటివారిపాలెం)

అందరికీ నమస్కారం. నేను కందుకూరులో డిగ్రీ ఫైనలియర్, బోటనీ మేజర్. 2023లో సింగిల్ మేజర్ పెట్టినప్పుడు చేరిన మొదటి బ్యాచ్ మాది. మా ముందు సీనియర్లందరూ బీజెడ్‌సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ మూడూ. ఇంట్లో నాన్న పొగాకు, శనగ వేస్తారు.

నాకు ఎం.ఎస్సీ. చేయాలని ఉంది, అదీ గవర్నమెంటు యూనివర్సిటీలోనే. ప్రైవేటులో ఫీజులు మా వల్ల కాదు. నాన్నేమో "చెట్ల చదువు చదివి ఏం చేస్తావమ్మా, బీఈడీ చేసి డీఎస్సీ రాసుకో" అంటున్నారు. మా మామయ్య హైదరాబాదులో ఫార్మా కంపెనీలో చేరమంటున్నాడు. ఇద్దరూ నా మంచికే చెప్తున్నారు, కాదనను.

కానీ నాకు ఈ సబ్జెక్టంటే ప్రాణం. అటికమామిడి కాండాన్ని బ్లేడుతో పల్చగా కోసి, సాఫ్రనిన్ రంగు చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెడితే నడిమధ్యలో రెండు పెద్ద నాళికా పుంజాలు (నీళ్లు, ఆహారం మోసే గొట్టాల కట్టలు), వాటి చుట్టూ ఒక వరుస, బయట ఇంకో వరుస కనిపించాయి. మా చేను గట్టు మీద రోజూ తొక్కుకుంటూ పోయే మొక్క అది. లోపల ఇంత ఏర్పాటు ఎందుకుంది, మిగతా మొక్కల్లో ఎందుకు లేదు అని అడిగితే, "సిలబస్‌లో అంతవరకే, రికార్డులో బొమ్మ వేసుకో" అన్నారు. నాకు అక్కడితో ఆగాలని లేదు.

ఎక్కడ చదివితే బాగుంటుంది? చదివాక దారులేంటి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

చాక్‌పీసు_మాస్టారు (ఒంగోలు)

అమ్మాయ్, ముందు మీ నాన్నగారి మాట గురించి చెప్తా. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చాయి. బీఈడీ, టెట్ ఉన్నవాళ్లు జీవశాస్త్రం స్కూల్ అసిస్టెంటుకి పోటీ పడ్డారు. అయితే అలాంటి నోటిఫికేషన్ ఏటా రాదు. దాన్నే నమ్ముకుని ఇంట్లో కూర్చున్న పిల్లల్ని చాలామందిని చూశాను.

ఇంకో సంగతి నాన్నగారికి చెప్పు. బీఈడీ ఎం.ఎస్సీ. తర్వాత కూడా చేసుకోవచ్చు, తలుపు మూసుకుపోదు. పైగా జూనియర్ లెక్చరర్ పోస్టుకి పీజీ ఉండాల్సిందే, దానికి బీఈడీతో పనిలేదు. డిగ్రీ కాలేజీ లెక్చరర్ కావాలంటే పీజీలో 55 శాతం, దానిమీద జాతీయ అర్హత పరీక్ష నెట్ గానీ, రాష్ట్ర పరీక్ష సెట్ గానీ. మన రాష్ట్రంలో సెట్ ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు నిర్వహిస్తారు. అంటే ఎం.ఎస్సీ. చేసినంత మాత్రాన టీచరు దారి వదిలేసినట్టు కాదు.

ఫార్మా మాట మాత్రం నాకు నచ్చలేదు. ఆ ఉద్యోగాల్లో కెమిస్ట్రీ వాళ్లకే ముందు పీట వేస్తారు. బోటనీ డిగ్రీతో పోతే ప్యాకింగ్ సెక్షన్‌లో కూర్చోబెడతారు. నా దగ్గర చదివినవాళ్లలో అలా కూర్చున్నవాళ్లున్నారు.

పొదలకూరు_నిమ్మ (ప్రస్తుతం హైదరాబాదు)

చెల్లీ, నేను పొదలకూరు పక్క పల్లె నుంచి వచ్చి ఇక్కడ మొక్కల జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నా. నాకు తెలిసింది వివరంగా చెప్తా.

రెండు ఎంట్రన్సులు రాయి. ఏపీ పీజీసెట్ రాస్తే తిరుపతి ఎస్వీయూ, విశాఖ ఏయూ, గుంటూరు నాగార్జున, అనంతపురం ఎస్కేయూ లాంటి రాష్ట్ర యూనివర్సిటీలన్నీ అందులో వస్తాయి. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగటివ్ మార్కులు లేవు. రెండోది సీయూఈటీ పీజీ. సెంట్రల్ యూనివర్సిటీలకి అదే దారి. ఇందులో తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది, తెలియనిది గుడ్డిగా పెట్టకు. 1974లో పెట్టిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్లాంట్ సైన్సెస్‌కి విడిగా డిపార్ట్‌మెంటే ఉంది.

ఇక్కడికి వచ్చాక చదివే బోటనీకీ డిగ్రీలో చదివినదానికీ చాలా తేడా ఉంటుంది. ఒక ఉదాహరణ చెప్తా. సాంబ మసూరి అదే, మన బీపీటీ 5204, అందరికీ ఇష్టమైన బియ్యం. దానికి ఎండాకు తెగులు వస్తే చేను చేనంతా పోతుంది. ఇక్కడి కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు, వరి పరిశోధన సంస్థ వాళ్లు కలిసి తెగులును తట్టుకునే 3 జన్యువుల్ని అందులోకి తెచ్చి 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదల చేశారు. ఇది జీఎం (జన్యుమార్పిడి) పంట కాదు, మామూలు సంకరమే. మరి ప్రతి తరంలో వేల మొలకల్లో ఏ మొలకకి ఆ మూడూ వచ్చాయో ఎలా తెలుసుకోవాలి? తెగులు వచ్చేదాకా ఆగితే ఏళ్లు పడుతుంది. అందుకే చిన్న ఆకు ముక్క తుంచి, డీఎన్ఏ తీసి, పీసీఆర్ అనే పద్ధతిలో డీఎన్ఏ కాపీలు పెంచి, ఆ జన్యువుల గుర్తులు (మార్కర్లు) చూసి అక్కడికక్కడే ఏరేశారు. ఎం.ఎస్సీ.లో నీ చేత చేయించే ప్రాక్టికల్ ఇదే: ఆకు నూరడం, డీఎన్ఏ తీయడం, జెల్ మీద గీతలు చూడటం.

కాబట్టి ఇప్పట్నించే బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, సెల్ బయాలజీ గట్టిగా చదువు. వర్గీకరణ కుటుంబాల పేర్లు బట్టీపట్టి వస్తే ఇక్కడ కష్టం. ఆ రోజులు పోయాయి.

వెలికొండ_గాలి (రాపూరు)

పొదలకూరు తమ్ముడూ, చివర్లో నువ్వన్న మాట ఒప్పుకోను. ఆ రోజులు ఎక్కడికీ పోలేదు.

నేను తిరుపతిలో చదివాను. యూనివర్సిటీకి వీపు ఆనించినట్టు శేషాచలం కొండలుంటాయి. సైకస్ బెడ్డోమీ అనే మొక్క అక్కడ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. ఎర్రచందనం సంగతి చెప్పే పనేలేదు. శేషాచలం, వెలికొండ, నల్లమల, ఈ కొండలే దాని పుట్టిల్లు. మా రాపూరు, ఉదయగిరి అడవుల్లో ఉన్నదీ అదే. ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా అని ఒక చిన్న మొక్క ఉంది, పేరులోనే నల్లమల ఉంది. దాన్ని చూసి పేరు చెప్పగలిగినవాళ్లు గిద్దలూరు, మార్కాపురం వైపు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? జన్యువు తీసేముందు అది ఏ మొక్కో తెలియాలి కదా.

చెల్లీ, ఫీల్డ్ వర్క్ ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున్నే బయల్దేరతాం. పూత, కాయ రెండూ ఉన్న కొమ్మ చూసి కోయాలి. ఆకులొక్కటే తెస్తే మాస్టారు విసిరేస్తారు. కోసిన చోటే పుస్తకంలో నంబరు, ఊరు, నేల, ఎత్తు, పువ్వు రంగు రాసుకోవాలి. ఎండాక ఆ రంగు ఉండదు మరి. న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, ఆకుల్లో ఒకటి తిరగేసి వెనకవైపు కనపడేలా పెట్టి ప్రెస్‌లో బిగించాలి. మర్నాడు కాగితాలు మార్చకపోతే బూజు పడుతుంది. జిల్లేడులాంటి పాలచెట్లు, నాగజెముడులాంటి కండ చెట్లు అంత త్వరగా ఎండవు, వాటి తిప్పలు వేరే. చివరికి షీటు మీద కుట్టి, కింద కుడి మూలలో లేబుల్ అంటించాలి. ఆ తర్వాత గ్యాంబుల్ ముందేసుకుని కూర్చుంటాం. 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా, అంటే అక్కడి మొక్కల వివరాల పుస్తకం అది. అప్పట్లో మన నెల్లూరు జిల్లా కూడా మద్రాసు కిందే కదా, కాబట్టి మన మొక్కలు చాలావరకు అందులో ఉంటాయి. "అండాశయం పైనా, కిందా?" అని అందులోని కీ (పేరు కనుక్కునే ప్రశ్నల వరుస) అడుగుతుంది, సూదితో పువ్వు చీల్చి చూసి జవాబు చెప్పుకుంటూ పోతే చివరికి పేరు దొరుకుతుంది. ఆ పేరు దొరికిన నిమిషం కోసమే నేను బోటనీ చదివాను.

ఒక జాగ్రత్త. రిజర్వు ఫారెస్టులో ఫారెస్టు డిపార్ట్‌మెంటు అనుమతి లేకుండా ఒక్క కొమ్మ కూడా కోయకూడదు. మన వెలికొండల్లో ఎర్రచందనం గొడవల వల్ల చూపు ఇంకా గట్టిగా ఉంటుంది. డిపార్ట్‌మెంటు ఉత్తరం చేతిలో ఉండాలి.

ఉద్యోగాల మాటకొస్తే, ఇండియన్ ఫారెస్ట్ సర్వీసులో బోటనీ ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. ఏపీపీఎస్సీ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌కి కూడా బోటనీ డిగ్రీ పనికొస్తుంది. నేను ఆ దారిలోనే వచ్చాను.

పొదలకూరు_నిమ్మ

అన్నా, నేను వర్గీకరణ వద్దనలేదు. బట్టీ వద్దన్నాను. మీరు చెప్పిన పద్ధతిలో నేర్పే చోటు దొరికితే నేనూ వెళ్లమనే చెప్తా.

శనగ_చేను (దర్శి)

నేను బీఎస్సీ అగ్రికల్చర్ చదివి సొంత వ్యవసాయం చేస్తున్నా. ఒక మాట ఎవరూ చెప్పలేదు, నేనే చెప్తా.

చెల్లెమ్మా, బోటనీ వేరు, వ్యవసాయ డిగ్రీ వేరు. అగ్రికల్చర్ ఆఫీసర్ పోస్టుకి ఏజీ బీఎస్సీ అడుగుతారు. ఎం.ఎస్సీ. బోటనీ ఎంత బాగా చదివినా దానికి పనికిరాదు. ఈ రెండూ ఒకటే అనుకుని బోటనీలో చేరి తర్వాత ఏడ్చినవాళ్లు మా వైపు ఉన్నారు. ఇంటర్ బైపీసీ పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, పంటల ఉద్యోగం కావాలంటే ఎంసెట్‌లోనే అగ్రికల్చర్ తీసుకోండి. ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు.

అలాగని బోటనీ వాళ్లు పంటల మీద పని చేయరని కాదు. మా దర్శి శనగ అంతా ఇవాళ ఎక్కువగా జేజీ-11 రకమే. ఎండు తెగులును తట్టుకుంటుంది కాబట్టే రైతులు దాన్ని పట్టుకున్నారు. తెగులు ఎలా వస్తుంది, వేరు దాన్ని ఎలా ఆపుతుంది అన్నది తేల్చేది మొక్కల శాస్త్రమే. నెల్లూరు వరి పరిశోధన కేంద్రం 1937 నుంచి ఉంది. నెల్లూరు మసూరి అని మనం తినే ఎన్ఎల్ఆర్ 34449 అక్కడిదే. అలాంటి చోట ప్రాజెక్టుల్లో రీసెర్చ్ ఫెలోగా బోటనీ, బయోటెక్నాలజీ వాళ్లను తీసుకునే నోటిఫికేషన్లు వస్తుంటాయి. జీతం తక్కువ, పర్మినెంటు కాదు. కానీ పని నేర్చుకోవచ్చు.

మాలకొండ_చెల్లి

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. నిన్న సాయంత్రం ఇవన్నీ నాన్నకి చదివి వినిపించాను. ఆయన అంతా విని ఒకటే అడిగారు: "సరే, ఆ చదువు చదివితే మన చేలో పొగాకు మల్లె కలుపు ఎందుకొస్తుందో చెప్తారా?" నాకు జవాబు తెలియలేదు. పుస్తకంలో దాని శాస్త్రీయ నామం ఒరొబాంకి, సంపూర్ణ వేరు పరాన్నజీవి (పూర్తిగా వేరే మొక్క వేరు మీదే బతికేది) అని ఒక వాక్యం ఉంది, అంతే. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

ఇంకొకటి, నేను పది దాకా తెలుగు మీడియం. సెంట్రల్ యూనివర్సిటీలో నెగ్గుకురాగలనా అని టెన్షన్‌గా ఉంది.

పొదలకూరు_నిమ్మ

మీ నాన్నగారు అడిగినది చాలా పెద్ద ప్రశ్న. ఇది ఆయనకి ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించు.

పొగాకు మల్లెలో పత్రహరితం లేదు. సొంతంగా తిండి చేసుకోలేదు. గింజ దుమ్ములా ఉంటుంది, అందులో దాచుకున్న ఆహారం దాదాపు ఏమీ ఉండదు. పక్కన ఆశ్రయం ఇచ్చే వేరు లేకుండా మొలిస్తే చచ్చిపోతుంది. అందుకని ఏళ్ల తరబడి మట్టిలో అలాగే పడుంటుంది. మరి వేరు దగ్గరికి వచ్చిందని దానికెలా తెలుస్తుంది? మొక్కల వేళ్లు మట్టిలోకి వదిలే స్ట్రైగోలాక్టోన్లు అనే పదార్థాల వల్ల. అవి అతి కొద్దిగా తగిలినా చాలు, గింజ మొలిచి వేరుకు అంటుకుని రసం లాగడం మొదలుపెడుతుంది. మనకు పైన పువ్వు కనపడేసరికి కింద నష్టం జరిగిపోయి ఉంటుంది.

1966లో పత్తి వేళ్ల నుంచి మొదటిసారి ఇలాంటి పదార్థాన్ని వేరుచేశారు. జొన్న మీద పడే స్ట్రైగా కలుపు గింజల్ని అది మొలిపించింది కాబట్టి ఆ పేరు. కానీ ఏ మొక్కయినా శత్రువును పిలిచే మందును తనే ఎందుకు వదులుతుంది? దీనికి జవాబు దొరకడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 2005లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చింది ఏమిటంటే, మొక్క పిలుస్తున్నది కలుపును కాదు, వేళ్లతో కలిసి బతికే మైకోరైజా శిలీంధ్రాన్ని. ఆ శిలీంధ్రం మట్టిలోని భాస్వరాన్ని మొక్కకు అందిస్తుంది. భాస్వరం తక్కువున్న నేలలో మొక్క ఈ పిలుపు ఇంకా ఎక్కువ చేస్తుంది. మల్లె ఆ పిలుపును దొంగచాటుగా వింటోంది.

ఇంకా ఉంది. 2008లో ఇదే పదార్థం మొక్క లోపల హార్మోనుగా పనిచేసి పక్క కొమ్మలు రాకుండా ఆపుతుందని తెలిసింది. మీ నాన్న పొగాకు తల తుంచుతారు కదా, వెంటనే పిలకలు లేస్తాయి, మళ్లీ వాటిని తీయాలి. కొన నుంచి దిగే ఆక్సిన్ అనే హార్మోను ఆగిపోవడం దానికి మొదటి కారణం. ఆ ఆక్సిన్‌తో కలిసి మొగ్గల్ని అణిచిపెట్టే వాటిలో స్ట్రైగోలాక్టోన్ ఒకటి. చేలో మల్లె, తల తుంచాక వచ్చే పిలకలు, రెండింటి వెనకా ఒకే పదార్థం ఉందన్నమాట.

ఇక చేసేది: మల్లె పూసి గింజ కట్టకముందే పీకి చేను బయటికి తీసుకెళ్లి తగలబెట్టాలి, గట్టు మీద పారేయకూడదు. పొగాకుకి ముందు నువ్వులు, జొన్న లాంటివి వేస్తే వాటి వేళ్ల పిలుపుకి కొన్ని గింజలు మొలిచి, అంటుకోలేక చచ్చిపోతాయి. కందుకూరులోనే పొగాకు పరిశోధన కేంద్రం ఉంది, అక్కడికి వెళ్లి అడిగితే మీ నేలకి ఏది సరిపోతుందో చెప్తారు.

ఇంగ్లీషు సంగతికొస్తే, మొదటి సెమిస్టర్ కష్టంగానే ఉంటుంది. సెమినార్ ఇవ్వాలంటే గొంతు వణుకుతుంది. కానీ ఇక్కడ మార్కులు నువ్వు రాసే వాక్యం అందానికి రావు, ప్రయోగం అర్థమైందా లేదా అన్నదానికి వస్తాయి. అర్థమైనదాన్ని తెలుగులో ఒక కాగితం మీద రాసుకుని, తర్వాత ఇంగ్లీషులో చెప్పడం అలవాటు చేసుకో. మన జిల్లాల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఒంటరిగా ఉండవు.

ఇద్దరాడపిల్లల_తల్లి (చీమకుర్తి)

నేను ఏం చదువుకోలేదు, పెద్దమ్మాయి టైప్ చేస్తోంది. అది విశాఖలో ఎం.ఎస్సీ. రెండో ఏడు. దూరం పంపడానికి మా ఇంట్లో కూడా ఏడుపులే అయ్యాయి. మీ అమ్మానాన్నలకి చెప్పు తల్లీ, గవర్నమెంటు యూనివర్సిటీలో అమ్మాయిల హాస్టళ్లు క్యాంపస్‌ లోపలే ఉంటాయి. మొదటిసారి చేర్పించేటప్పుడు మీ అమ్మను కూడా తీసుకుపో. గది, మంచం, నీళ్లు, మెస్సు తన కళ్లతో చూసుకుంటే గుండె నిబ్బరం వస్తుంది. మా ఆయన ఒక్కడే వెళ్లొచ్చి బాగుందన్నా నాకు నిద్ర పట్టలేదు, నేను చూసొచ్చాకే కుదుటపడ్డా.

పెళ్లి మాట కూడా లేస్తుంది, ముందే చెప్తున్నా. "చదువు ఒప్పుకున్నప్పుడే రెండేళ్లు ఒప్పుకున్నట్టు" అని ఇప్పుడే గట్టిగా మాట తీసుకో.

చాక్‌పీసు_మాస్టారు

యూనివర్సిటీ ఎంచుకునే ముందు ఒక పని చెయ్. పేరు చూసి చేరకు. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో చాలా డిపార్ట్‌మెంట్లలో రెగ్యులర్ ప్రొఫెసర్ల ఖాళీలు ఏళ్లుగా నిండలేదు. గెస్ట్ ఫ్యాకల్టీ మీదే నడుస్తున్న చోట్లున్నాయి. వాళ్లు బాగా చెప్పరని కాదు, చాలామంది ప్రాణం పెట్టి చెప్తారు. కానీ వాళ్లకే భరోసా లేనప్పుడు నీకు ప్రాజెక్టు ఎలా చేయిస్తారు? అందుకే వెబ్‌సైట్‌లో ఫ్యాకల్టీ పేజీ తెరిచి ఎంతమంది ఉన్నారు, దేని మీద పని చేస్తున్నారు, ఈ మధ్య ఏం రాశారు చూడు. వీలైతే వెళ్లి ల్యాబ్ చూడు. మైక్రోస్కోపుల మీద కవర్లు తీసి ఉన్నాయా, దుమ్ము పట్టి ఉన్నాయా చూస్తే సగం తెలుస్తుంది. అక్కడి సీనియర్లతో క్యాంటీన్లో కాసేపు మాట్లాడు, మిగతా సగం వాళ్లు చెప్తారు.

దగ్గర్లోనే ఉంటుందని నెల్లూరు విక్రమ సింహపురి, ఒంగోలు ఆంధ్రకేసరి గురించి ఆలోచిస్తే, ఆ ఏడు నోటిఫికేషన్‌లో ఏ కోర్సులు, ఎన్ని సీట్లు ఇచ్చారో చూసి ఆప్షన్ పెట్టుకో.

వెలికొండ_గాలి

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. డిపార్ట్‌మెంటులో హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల షీట్లు దాచే చోటు, ఉందా అని కూడా అడుగు. ఉంటే ఒక బీరువా తెరిపించి చూడు. షీట్లు పురుగు పట్టకుండా ఉన్నాయంటే అక్కడ పట్టించుకునే మనిషి ఒకరున్నట్టే.

మాలకొండ_చెల్లి

మల్లె సంగతి నాన్నకి చదివి వినిపించాను. పిలకల దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. "ఈ మాట మాకెవరూ చెప్పలేదే" అన్నారు. రెండు ఎంట్రన్సులూ రాయమన్నారు. బీఈడీ మాట మాత్రం వదల్లేదు, ఎడ్‌సెట్ కూడా రాయాలట. సరే అన్నాను.

నెట్ గురించి ఇప్పట్నించే ఆలోచించాలా? అప్లికేషన్లకి ఏ సర్టిఫికెట్లు సిద్ధం చేసుకోవాలి?

పొదలకూరు_నిమ్మ

సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ 200 మార్కులు, 3 గంటలు, సిలబస్ 13 యూనిట్లు. మొక్కల భాగం అందులో కొంతే. ఎం.ఎస్సీ. మొదటి ఏడు నుంచి వారానికి కొంచెం చదివితే చాలు, ఇప్పుడు దాని జోలికి పోకు. అందులో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో నెలకు 37,000, హెచ్ఆర్ఏ అదనం. ఇంటి నుంచి డబ్బు అడగక్కర్లేదు. గేట్ రాస్తే లైఫ్ సైన్సెస్ పేపర్లో కెమిస్ట్రీ తప్పనిసరి, మిగతా రెండిట్లో ఒకటి బోటనీ పెట్టుకోవచ్చు.

సర్టిఫికెట్లలో చాలామంది దెబ్బతినేది ఒకచోటే. సీయూఈటీలో ఓబీసీ కింద పెట్టుకుంటే మన రాష్ట్రం ఇచ్చే మామూలు కుల ధ్రువీకరణ సరిపోదు. కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ కావాలి. ఈడబ్ల్యూఎస్ అయితే ఆ ఆర్థిక సంవత్సరానిది ఉండాలి. సచివాలయంలో దరఖాస్తు పెట్టి తహసీల్దార్ ఆఫీసు నుంచి చేతికొచ్చేసరికి టైం పడుతుంది, కాబట్టి సోమవారమే వెళ్లి పెట్టు. పేరు స్పెల్లింగు పదో తరగతి మెమోలో ఎలా ఉందో అన్నిట్లో అలాగే ఉందో లేదో చూసుకో. తేడా ఉంటే ఆధార్‌లో ఇప్పుడే సరిచేయించు.

మాలకొండ_చెల్లి

ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరం తేడా ఉందన్నా. రేపే కందుకూరు వెళ్తున్నా.